ముందు మోటరు, తర్వాతే పొయ్యి: ఆర్మూరు పల్లెల ఇంధన చరిత్ర

పసుపు తవ్వగానే అమ్ముకునే పంట కాదు. భూమిలోంచి తీసిన పచ్చి కొమ్మును ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, నునుపు పట్టాలి. అప్పుడే అది బజారు సరుకవుతుంది. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతంలో ఈ పనంతా చాలాకాలం రైతు కళ్లంలోనే, కట్టెల మంట మీదే సాగింది. అందువల్ల ఇక్కడి ఇంధన చరిత్రను దీపం, వంటపొయ్యి అనే రెండింటితో ముగించడానికి వీల్లేదు. బావి మీది మోటరు, కళ్లంలోని పసుపు కడాయి కూడా అందులో భాగమే. ఈ నాలుగింటిలో ఏది ముందు మారింది, ఏది ఆఖరున మారింది అన్నదాన్ని బట్టే పట్నం ఇంటికీ పల్లె ఇంటికీ మధ్య సుఖంలో తేడా ఏర్పడింది.

44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోట ఉన్న ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అంగడి ఊరు. వేల్పూరు, బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, జక్రాన్‌పల్లి, నందిపేట వైపు పల్లెల్లో పసుపు, మక్క, ఎర్రజొన్న పండుతాయి. ఎక్కువ కాలం భూమిలో ఉండే ఒక పసుపు రకానికి ఆర్మూరు పేరే ఉంది. దుగ్గిరాల, మైదుకూరు రకాల పక్కన వ్యవసాయ పుస్తకాల్లో దాన్నీ చెబుతారు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. పంట పెద్ద మొత్తంలో అమ్ముడయ్యేది నిజామాబాద్ మార్కెట్ యార్డులో. ధర నచ్చని రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు తీసుకుపోతారు.

జూన్‌లో వేసిన పసుపు తొమ్మిది నెలలు భూమిలో ఉండి, జనవరి నుంచి మార్చి దాకా తవ్వకానికి వస్తుంది. తవ్విన రెండు మూడు రోజుల్లోనే ఉడికించాలి. పాత పద్ధతిలో కళ్లం పక్కన పొయ్యి తవ్వి, దాని మీద వెడల్పాటి ఇనుప కడాయి పెట్టి, కొమ్ములు మునిగేదాకా నీళ్లు పోసి, పైన పసుపు ఆకు కప్పేవారు. నురగ లేచి, ఘాటైన వాసనతో తెల్లటి ఆవిరి వచ్చేదాకా ముప్పావు గంట నుంచి గంట వరకూ మంట ఆగకూడదు. మంట తగ్గి సరిగా ఉడకకపోతే ఎండిన కొమ్ము పెళుసుబారి విరుగుతుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. రెండింటికీ యార్డులో ధర పడిపోతుంది. ఉడికిన కొమ్మును పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి నునుపు చేస్తారు. నూరు కిలోల పచ్చి పసుపుకు చివరికి మిగిలేది ఇరవై కిలోలకు అటూ ఇటూ. తక్కిన బరువంతా దాదాపు నీరే. ఆ నీటిని వదిలించే పని ఎండదైతే, అంతకుముందు కొమ్మును ఉడికించే పని కట్టెది. పసుపు వేసే ఇంటికి ఏడాది పొడుగునా వంటచెరకు ఎంత అవసరమో, ఆ రెండు మూడు నెలల్లో కళ్లం పొయ్యికీ కట్టె అంత అవసరమయ్యేది. గట్ల మీది తుమ్మ, వేప, చింత కొమ్మలు, ఎండిన పసుపు ఆకు, మక్క బెండ్లు, ఏది దొరికితే అది పొయ్యిలోకి వెళ్లేది.

ఇళ్లలో వంటకు కూడా అవే కట్టెలు, కంది కట్టె, పిడకలు. దీపానికి పూర్వం ఆముదం, పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి క్రమంగా గ్యాసునూనె (కిరోసిన్) వచ్చాయి. ఎక్కబుడ్డి, కందిలి తెలంగాణ ఇళ్లలో మామూలు సామాన్లయ్యాయి. ఆ కాలంలో ఊరికీ పట్నానికీ ఇంధనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇద్దరూ కట్టె మీదే వండేవారు. పట్నంవాళ్లు మోపు కొనేవారు, పల్లెవాళ్లు ఏరుకునేవారు. ఈ ఏరుకోవడమే ఆ తర్వాత లెక్కల్లో కనబడకుండా పోయింది. చేను పని అయ్యాక తల మీద మోపు పెట్టుకుని ఇంటికి వచ్చే ఆడవాళ్ల శ్రమకు కూలి లేదు కాబట్టి, పల్లెలో వంటచెరకు ఉచితమనే లెక్క స్థిరపడింది.

తేడాకు బీజం పడింది కరెంటు రాకతో. హైదరాబాద్ రాజ్యంలో విద్యుత్తు మొదట రాజధానిదే. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ కేంద్రం మొదలై నగరానికి వెలుగిచ్చింది. జిల్లాల్లో ఆధునిక శక్తి ముందుగా ఫ్యాక్టరీలకు, పెద్ద పనులకు చేరింది. నిజామాబాద్‌లో దానికి గుర్తులు రెండు. మంజీరా మీద 1923లో మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ ఒకటి, దాని నీటితో పండే చెరకు కోసం 1937లో బోధన్‌లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం రెండోది. నిజాంసాగర్ కట్ట నిర్మాణాన్ని నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన లెక్కలో ఆ కట్ట సాగునీటి కోసం. దాని కింద చిన్న జల విద్యుత్ కేంద్రం రావడానికి 1950ల దాకా ఆగాల్సి వచ్చింది. ఆర్మూరు వైపు మెరక ఊళ్లకు ఆ కాలువ నీరూ పెద్దగా అందలేదు, ఆ తొలినాళ్లలో కరెంటూ అందలేదు.

పొయ్యి గురించి ఆలోచించినవాళ్లు అప్పట్లో లేరనుకోవడం మాత్రం తప్పు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్ అధిపతి డాక్టర్ ఎస్.పి. రాజు పొగలేని పొయ్యి మీద పరిశోధన చేసి, 1953లో కోట్లాదిమంది వంటిళ్ల కోసమంటూ ఇంగ్లిషులో ఒక పుస్తకం ప్రచురించారు. మట్టితోనే పొయ్యి వేసి, ఒకే మంట మీద ఒకటికి మించిన గిన్నెలు ఉడికేలా కన్నాలు పెట్టి, పొగను గొట్టం గుండా కప్పు పైకి పంపడం ఆ నమూనా సారాంశం. ఆనకట్టల మీద, కాంక్రీటు మీద పనిచేసే ప్రయోగశాల వంటిల్లును కూడా ఇంజనీరింగ్ సమస్యగా చూడటం ఆ రోజుల్లో అరుదు. ఆ చూపు ప్రభుత్వ ప్రణాళికల్లోకి ఎక్కి ఉంటే తెలంగాణ పల్లెల కథ వేరుగా నడిచేది. అది జరగలేదు. మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలయ్యేసరికి మరో మూడు దశాబ్దాలు గడిచాయి. 1983 తర్వాత దేశమంతటా కోట్ల పొయ్యిలు కట్టినట్టు లెక్కలు చెప్పినా, పగిలిన మట్టికీ మసితో పూడిన గొట్టానికీ మరమ్మతు చేసేవాడు ఊళ్లో లేక చాలా చోట్ల ఇంటివాళ్లే వాటిని తీసేసి మళ్లీ మూడు రాళ్లు పెట్టుకున్నారు. 2002లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపేసింది.

పొయ్యిని ఎవరూ పట్టించుకోని ఆ మూడు దశాబ్దాల్లోనే మోటరు ఊళ్లోకి వచ్చింది. 1959 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. 1965, 1966 సంవత్సరాల కరువు దేశాన్ని తిండిగింజల కోసం విదేశాల వైపు చూసేలా చేసింది. ఆ తర్వాత ప్రభుత్వాల దృష్టి బావుల మీద పడింది. గ్రామీణ పరపతిని సమీక్షించిన బి. వెంకటప్పయ్య కమిటీ సిఫారసుతో 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. పల్లెలకు తీగలు లాగడానికి అప్పులివ్వడం దాని పని. ఆ అప్పు తిరిగి రావాలంటే కరెంటు వాడి డబ్బు సంపాదించేవాడు కావాలి కాబట్టి తీగ ముందు పంపుసెట్టు దగ్గరికి నడిచింది. పొరుగున సిరిసిల్లలో 1970లో సహకార విద్యుత్ సంఘమే ఏర్పడి ఊళ్లకు కరెంటు పంచింది. నిజామాబాద్ జిల్లాలో ఆ పని మండలి చేతిలోనే ఉండిపోయింది.

ఆ కాలపు ప్రభుత్వ నిర్వచనం గమనించదగ్గది. 1997 అక్టోబరు దాకా, ఒక రెవెన్యూ గ్రామం హద్దుల్లో ఏ పనికైనా కరెంటు వాడుతుంటే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. ఊరి శివారులో ఒక్క మోటరు తిరిగినా లెక్క పూర్తయ్యేది. ఊరి నడుమ వాడల్లో ఒక్క బల్బు వెలగకపోయినా దానికి అడ్డం కాదు. ఆ తర్వాత జనం నివసించే చోట కరెంటు ఉండాలన్నారు. 2004లో బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లకూ, పదింట కనీసం ఒక ఇంటికీ కరెంటు చేరాలన్నారు. అప్పటికి కూడా పది ఇళ్లలో తొమ్మిది చీకట్లో ఉన్న ఊరు పత్రాల్లో వెలుగుతూనే ఉండవచ్చు. పల్లెల్లో ఇంధన లేమి గురించి పాత గణాంకాలు చదివేవారు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఆర్మూరు ప్రాంతంలో మోటరు మరింత బలంగా పాతుకుపోవడానికి నేలతీరు కూడా కారణం. 1963 జులై 26న పోచంపాడు దగ్గర గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడి జల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 36 మెగావాట్లు. ప్రాజెక్టు ఆర్మూరుకు దగ్గరే అయినా, ప్రధానమైన కాకతీయ కాలువ నీరు కరీంనగర్ వైపు వెళ్లింది. లక్ష్మి కాలువ కింద బాల్కొండ వైపు కొన్ని ఊళ్లకు మాత్రం తడి దొరికింది. కళ్లముందే గోదావరి నిండుగా ఉన్నా మెరక చేలకు నీరు పైకెక్కదు. ఏడాదిలో ముప్పావు వంతు కాలం భూమిలో ఉండే పసుపుకు తడి తప్పకూడదు. కాబట్టి రైతు బావి తవ్వించాడు, అది ఎండితే బోరు వేయించాడు. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు చాలా తర్వాత వచ్చినవి. అవీ కరెంటుతో నడిచేవే.

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటరుకు మీటరు లెక్క లేకుండా, హార్స్ పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టింది. రాయలసీమ, తెలంగాణ మెట్ట రైతుకు అది పెద్ద ఊరట. కాలువ కింది రైతు నామమాత్రపు శిస్తుతో నీరు పొందుతుంటే, బోరు రైతు ప్రతి తడికీ బిల్లు కట్టడం అన్యాయమన్న వాదనలో న్యాయం ఉంది. ఆర్మూరు చుట్టూ పసుపు, ఎర్రజొన్న విత్తనం, కూరగాయలు విస్తరించడంలో ఈ చౌక కరెంటు పాత్ర తక్కువది కాదు. అంకాపూర్ లాంటి ఊరు విత్తనోత్పత్తికి పేరు తెచ్చుకున్నది బోరు నీటి బలంతోనే.

అదే సమయంలో ఈ సాయం ఎవరికి చేరిందో కూడా చూడాలి. మోటరున్నవాడికి, అంటే భూమి ఉండి బోరుకు పెట్టుబడి పెట్టగలిగినవాడికి చేరింది. ఐదు హార్స్ పవర్ మోటరు నడిపే రైతుకు ఏడాదికి అందిన రాయితీ ఎంతో ఉంటే, అదే ఊళ్లో ఒక బల్బు వెలిగించుకునే కూలి ఇంటికి దక్కింది దాదాపు ఏమీ లేదు. 1988లో మొదలైన కుటీర జ్యోతి పేద ఇళ్లకు ఒకే ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చే పథకం. పొలానికి మూడు ఫేజులు, పేద ఇంటికి ఒక బల్బు అన్నది ఆ దశాబ్దపు గ్రామీణ విద్యుత్ విధానం. మోటరున్న ఇంట్లోనూ ఆ సుఖం వంటింటి గడప దాటలేదు. పసుపు అమ్మి మేడ కట్టిన రైతు ఇంట్లో కూడా వెనక వరండాలో కట్టెల పొయ్యే ఉండేది. ఈ ప్రాంతంలో ఇంధన పేదరికాన్నీ డబ్బు పేదరికాన్నీ ఒకటిగా చూస్తే ఈ ఇల్లు అర్థం కాదు.

చౌక కరెంటు మంచి కరెంటు కాదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద లెక్కకు మించి మోటర్లు పడటంతో వోల్టేజీ పడిపోయి, మోటర్ల వైండింగ్ కాలిపోయేది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులు తలా కొంత వేసుకుని, ట్రాక్టరు మీద మరమ్మతు కేంద్రానికి తీసుకుపోయి, తెచ్చుకునేదాకా చేలు ఎండేవి. సరఫరా విడతలుగా ఉండేది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి విడతలో స్టార్టరు నొక్కడానికి చీకట్లో చేనుకు పోయి పాము కాటుకో షాకుకో ప్రాణాలు కోల్పోయిన రైతుల వార్తలు తెలంగాణ జిల్లా పత్రికల్లో దశాబ్దాలపాటు వచ్చాయి.

ఇళ్లకు దీని దెబ్బ మరో తీరుగా తగిలింది. మోటర్లకూ ఇళ్లకూ ఒకే ఫీడరు కావడంతో, పొలానికి కోత పెడితే ఊరూ చీకటయ్యేది. ఆర్మూరు పట్టణంలో దుకాణాలు, ఆసుపత్రులు ఉన్నందుకు కోత తక్కువ, నాలుగు మైళ్ల అవతలి ఊళ్లో ఎక్కువ. ఈ వరస ఉమ్మడి రాష్ట్రపు ఆఖరి ఏళ్లలో, 2012, 2013 నాటి కరెంటు కొరతలో మరీ బాహాటమైంది. కోతల గంటలు ప్రకటించేటప్పుడు నగరానికి తక్కువ, జిల్లా కేంద్రానికి ఇంకొంచెం, మండల కేంద్రానికి మరింత, పల్లెకు అందరికంటే ఎక్కువ కేటాయించేవారు. పౌరుడి చిరునామాను బట్టి చీకటి పంచిన కాలమది.

ఆ చీకటి ఖర్చు ఆడవాళ్లమీద ఎక్కువ పడింది. నిజామాబాద్ జిల్లా బీడీల జిల్లా. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ వైపు పల్లెల్లో భూమి లేని ఇళ్లకూ, చిన్న రైతుల ఇళ్లకూ బీడీ కూలే నికర ఆదాయం. ఒడిలో చాట, చాటలో తంబాకు, తునికాకు పెట్టుకుని, వేయి బీడీల లెక్క పూర్తయ్యేదాకా కూర్చునే పని ఇది. వంట, చేను పని ముగిశాక మిగిలిన బీడీలు రాత్రి దీపం కింద చుట్టాల్సిందే. గ్యాసునూనె దీపం దగ్గర కళ్లు పొడుచుకుని చేసిన ఈ పనిలో, నూనె ఖర్చు కూలిలోంచే పోయేది. పరిశ్రమకు వెలుగు ఖర్చు కార్మికురాలే పెట్టుకోవడం ఇది.

1990ల ఆఖరుకు కథ రెండు పాయలుగా చీలింది. ఒకటి కరెంటు సంస్కరణలది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ మండలిని విడగొట్టి ఉత్పత్తికి, సరఫరాకు వేరు సంస్థలు పెట్టారు. 2000లో పంపిణీ సంస్థలు ఏర్పడగా, నిజామాబాద్ జిల్లా వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర మండలం కిందికి వెళ్లింది. ఆ ఏడాది పెంచిన చార్జీల మీద రాష్ట్రమంతా ఆందోళన జరిగింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు.

రెండో పాయ వంటగ్యాసుది. అప్పటిదాకా గ్యాసు పట్నం సరుకు. నగరంలోనే కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి వేచి ఉండే రోజులవి. పార్లమెంటు సభ్యుల కోటా కూపన్లకు ఉన్న గిరాకీ ఆనాటివారికి తెలుసు. 1999 జులై 9న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దీపం పథకం ప్రారంభించింది. డ్వాక్రా సంఘాల్లోని పేద మహిళలకు కనెక్షన్ డిపాజిట్ వెయ్యి రూపాయలు ప్రభుత్వమే కట్టింది. పొయ్యి, మొదటి సిలిండరు ఖర్చు లబ్ధిదారుది. దేశంలో పేద ఇంటికి గ్యాసు చేర్చే పెద్ద ప్రయత్నాల్లో ఇది ముందువరుసలోది. 2016లో కేంద్రం మొదలుపెట్టిన ఉజ్వల పథకానికి పదిహేడేళ్ల ముందుది. కనెక్షన్ మహిళ పేరున ఇవ్వడం దీపం పథకంలోని మేలైన అంశం.

కనెక్షన్ ఇవ్వడం ఒక ఎత్తు, గ్యాసు మీద వండగలగడం మరో ఎత్తు అని కొద్ది ఏళ్లలోనే తేలింది. పట్నంలో సిలిండరు గడప దగ్గరికి వస్తుంది. పల్లె మనిషి ఖాళీ సిలిండరును ఆటోలోనో, సైకిలుకు కట్టుకునో ఏజెన్సీ ఉన్న ఊరికి పోయి తెచ్చుకోవాలి. ఒక రోజు కూలి, దారి ఖర్చు కలిపితే అదే సిలిండరు పల్లెలో పట్నం కంటే ఖరీదు. పైగా నెలనెలా కొంచెం కొంచెంగా కొనే వీలు దానికి లేదు, మొత్తం ఒకేసారి కట్టాలి. బీడీ కూలి వారానికో పక్షానికో చేతికి వచ్చే ఇంట్లో అది కష్టం. గ్యాసు ఉన్న ఇంటికి రేషను గ్యాసునూనెలో కోత కూడా పడింది. దాంతో చాలా పల్లె ఇళ్లలో సిలిండరు చాయకు, చుట్టాలు వచ్చినప్పుడు వంటకు, కట్టె తడిసిన వానాకాలానికి మిగిలింది. అన్నం, కూర, స్నానాల నీళ్లు కట్టెల మీదే. కట్టె లేదా పసుపు కళ్లం పక్కన మిగిలిన మక్క బెండ్లు చేతికి అందుబాటులో ఉన్నంతకాలం సిలిండరు ఆదా చేసుకునే వస్తువైంది.

ఆ కట్టె పొగ ఎంతో కొలిచిన పని కూడా ఈ జిల్లాలో జరిగింది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్, అమెరికా బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన కిర్క్ స్మిత్ తదితరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 400 పైచిలుకు ఇళ్లలో గాలిని ఇరవైనాలుగు గంటలపాటు కొలిచారు. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. పీల్చే గాలిలో కలిసే సన్నని ధూళి సగటున గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టె, పిడక వంటివి వాడే ఇళ్లలో 732 దాకా పోయింది. అప్పట్లో దేశంలో నివాస ప్రాంతాల బయటి గాలికి పెట్టిన హద్దు రోజుకు 100. అంటే ఆ హద్దుకు ఏడు రెట్ల పొగను, ఏ ఫ్యాక్టరీ లేని ఊళ్లోని వంటిల్లు మోసింది. పొగ ఎక్కువగా పీల్చింది వండే ఆడవాళ్లు. ఆడవాళ్లలో పదిహేను నుంచి నలభై ఏళ్లవారు, మగవాళ్లలో ఇంటిపట్టున ఉండే ముసలివాళ్లు ఎక్కువ పొగలో ఉన్నట్టు తేలింది. వంటిల్లుకూ పడకకూ మధ్య గోడ లేని ఒంటి గది ఇళ్లలో వండనివాళ్లకూ తప్పించుకునే దారి లేదు. ఊరి పేదరికం గురించి ఎన్ని నివేదికలు వచ్చినా, ఇంత సూటిగా పొయ్యి దగ్గర కూర్చుని లెక్క తీసినవి కొన్నే.

ఇంధన పేదరికాన్ని కొలిచే పద్ధతి ఇంగ్లండులో పుట్టింది. బ్రెండా బోర్డ్‌మన్ 1991లో రాసిన పుస్తకం తర్వాత, ఇల్లు తగినంత వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పదో వంతుకు మించి ఖర్చు పెట్టాల్సివచ్చే కుటుంబాన్ని ఇంధన పేదగా లెక్కించడం అక్కడ రివాజైంది. ఆ కొలత ఆర్మూరు పల్లెలో పనిచేయదు. కట్టె ఏరుకునే ఇంటి ఇంధన ఖర్చు దాదాపు సున్నా. ఆ లెక్కన అందరికంటే పేద ఇల్లే అందరికంటే భాగ్యవంతమవుతుంది. ఇక్కడ కొలవాల్సినవి మోపు కోసం పోయిన గంటలు, ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగ, దీపం లేక ఆగిపోయిన చదువు, పని.

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 92 శాతం ఇళ్లకు కరెంటు దీపం ఉంది. దేశం మొత్తం మీద పల్లె ఇళ్లలో అది 55 శాతమే. దీపం విషయంలో తెలుగు పల్లె దేశం కంటే చాలా ముందుంది. పొయ్యి దగ్గర ఆ గర్వం నిలవదు. అదే ఏడాది దేశంలో పట్టణ ఇళ్లలో 65 శాతం గ్యాసు మీద వండుతుంటే పల్లెల్లో 11 శాతం మాత్రమే. ఆ తర్వాతి పదేళ్లలో మార్పు వేగంగా వచ్చింది. 2019–21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదింట తొమ్మిది ఇళ్లు ప్రధానంగా గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనం మీద వండుతున్నాయి. ఈ మార్పు వెనక పథకాలతో పాటు గల్ఫ్ డబ్బు కూడా ఉంది. ఆర్మూరు, బాల్కొండ పల్లెల నుంచి దుబాయి, కువైట్ పోయినవారు పంపిన సొమ్ముతో ఇళ్లు కట్టినప్పుడు వంటగదిలో గట్టు, గ్యాసు పొయ్యి, మిక్సీ ఇంటితో పాటే వచ్చాయి. కట్టెలేరే చేతులకు వేరే పని దొరకడం, సర్కారు తుమ్మ తప్ప గట్ల మీద చెట్లు మిగలకపోవడం కూడా ఆ మార్పుకు తోడయ్యాయి.

కరెంటు వైపు, తెలంగాణ ఏర్పడ్డాక కోతలు తగ్గి, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత సరఫరా మొదలైంది. రాత్రి చేనుకు పోవాల్సిన అవసరం తగ్గడం మనుషుల ప్రాణాలకు సంబంధించిన మేలు. ఇరవైనాలుగు గంటలు కరెంటు ఉంటే ఆటో స్టార్టర్లతో నీరు వృథా అవుతుందని ప్రభుత్వమే వాటిని తీసేయమని చెప్పాల్సి వచ్చింది. పసుపు కళ్లంలోనూ పని తీరు మారింది. కడాయి స్థానంలో ఆవిరితో ఉడికించే బాయిలర్లు వచ్చాయి. ఒక చోట నీరు మరిగించి ఆ ఆవిరిని కొమ్ములున్న డ్రమ్ముల్లోకి పంపే ఈ యంత్రాలతో సమయం, కట్టె ఆదా అవుతాయి. పాలిష్ డ్రమ్ములు చేతితో తిప్పే రోజులు పోయాయి. స్పైసెస్ బోర్డు ఇలాంటి యంత్రాలకు సబ్సిడీ ఇచ్చింది. బాయిలరు కింద మండేది మాత్రం ఇప్పటికీ ఎక్కువచోట్ల కట్టే. దాని ఖర్చు, కూలి ఖర్చు కలుపుకునే 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర జాతీయ రహదారుల మీద బైఠాయించిన రైతులు క్వింటాలు పసుపుకు 15,000 రూపాయలు అడిగారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులే కావడం ఆ ఆందోళన కొనసాగింపే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం రెండు పథకాలు కలిపి మొదలుపెట్టింది. గృహజ్యోతి కింద రేషను కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. మోటరుకు దక్కిన ఉచితం ఇంటికి చేరడానికి 2004 నుంచి ఇరవై ఏళ్లు పట్టింది. మహాలక్ష్మి కింద సిలిండరు 500 రూపాయలకు వస్తుంది. అయితే ఏడాదికి ఎన్ని సిలిండర్లకు ఈ ధర వర్తిస్తుందో, ఆ ఇల్లు గత మూడేళ్లలో వాడిన సగటును బట్టి నిర్ణయించారు. ఆర్మూరు పట్టణంలో నెలకో సిలిండరు వాడే ఇంటికి ఆ లెక్కలో ఎక్కువ దక్కుతాయి. డబ్బు లేకో, ఏజెన్సీ దూరమయ్యో ఏడాదికి రెండు మూడు సిలిండర్లతో సరిపెట్టుకుని తక్కిన వంట కట్టెల మీద చేసిన పల్లె ఇంటికి ఆ రెండు మూడే దక్కుతాయి. నిన్న తక్కువ వాడిన ఇల్లే రేపు తక్కువ పొందుతుంది. ఈ ఒక్క నిబంధనను మార్చి ప్రతి ఇంటికీ సిలిండర్ల సంఖ్య సమానంగా పెడితే ఖజానా మీద పడే అదనపు భారం ముఖ్యంగా ఇప్పటిదాకా కట్టెల పొయ్యి దగ్గర ఉండిపోయిన ఇళ్ల కోసమే అవుతుంది.